పాస్‌వర్డ్ సరైనదే, అయినా డేటాబేస్ లోపలికి రానివ్వలేదు

ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేసుకుని, నా ప్రాజెక్టు కోసం కొత్త యూజర్‌ని తయారు చేసి పాస్‌వర్డ్ పెట్టాను. పైథాన్ నుంచి సైకోపీజీ అనే లైబ్రరీతో దానికి కనెక్ట్ అవ్వబోతే ‘పీర్ అథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వచ్చింది. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చాను. అదే ఎర్రర్. రెండు గంటలు పోయాయి, టెన్షన్ మొదలైంది.

ఆ మెసేజ్‌లోని ‘పీర్’ అనే మాటను నేను పట్టించుకోలేదు. కోడ్‌లో హోస్ట్ (డేటాబేస్ ఉన్న మెషీన్ పేరు) ఇవ్వకపోతే కనెక్షన్ నెట్‌వర్క్ మీదుగా కాకుండా యూనిక్స్ సాకెట్ ద్వారా, అంటే ఒకే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారిలో వెళ్తుంది. ఉబుంటులో ఆ దారికి ముందుగానే పీర్ పద్ధతి పెట్టి ఉంటుంది. అంటే పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ అడగదు. ప్రోగ్రామ్‌ని నడుపుతున్న లినక్స్ యూజర్ ఎవరో కర్నెల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) అడిగి, ఆ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని చూస్తుంది. నావి వేరు వేరు. ఇక పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం?

కోడ్‌లో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాశాను, అంతే. అంటే ఇదే మెషీన్, కానీ ఈసారి కనెక్షన్ నెట్‌వర్క్ దారిలో 5432 పోర్టు మీదుగా వెళ్లింది. ఆ దారికి పాస్‌వర్డ్ అడిగే స్క్రామ్ పద్ధతి ఉంది కాబట్టి పాస్‌వర్డ్ చూసి రానిచ్చింది.

సాకెట్టే కావాలంటే ఎవరిని ఏ పద్ధతిలో రానివ్వాలో రాసి ఉండే పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో మీ యూజర్ పేరుతో ‘లోకల్’ లైన్ ఒకటి రాసి స్క్రామ్ పెట్టాలి. అది అందరికీ వర్తించే పీర్ లైన్‌కి పైన ఉండాలి. పోస్ట్‌గ్రెస్ మొదట సరిపోయిన లైన్‌నే తీసుకుంటుంది, అది ఫెయిలైతే కిందది చూడదు. తర్వాత రీలోడ్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. కొందరు అక్కడ ‘ట్రస్ట్’ పెట్టేయమంటారు. దయచేసి వద్దు. ఆ మెషీన్‌లో ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండానే మీ డేటాలోకి వచ్చేస్తారు.