గ్రంథాలయానికి పిల్లల పుస్తకాల ఎంపిక – నాలుగవ పాఠం: పన్నెండేళ్లు దాటిన పాఠకులకు సిఫారసు రాయడం

గత పాఠంలో పదేళ్ల లోపు పిల్లల బొమ్మల పుస్తకాలను ఎలా పరిశీలించాలో చూశాం. ఈ పాఠంలో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పాఠకుల కోసం ఒక పుస్తకాన్ని చదివి, బేరీజు వేసి, ఎంపిక కమిటీ ముందు పెట్టదగిన సిఫారసు పత్రం రాయడం నేర్చుకుందాం. గోదావరి డెల్టాలోని శాఖా గ్రంథాలయాలకూ ఉన్నత పాఠశాలల గ్రంథాలయాలకూ పుస్తకాలు సూచించే ఉపాధ్యాయులను, పుస్తకప్రియులను దృష్టిలో పెట్టుకుని ఈ పాఠాలు రాస్తున్నాను కనుక ఉదాహరణలు కూడా చాలావరకు ఇక్కడివే.

ముందుగా ఈ వయసు పాఠకులను విడిగా ఎందుకు చూడాలో తెలుసుకుందాం. మన శాఖా గ్రంథాలయాల్లో పిల్లల బీరువా తెరిస్తే నీతికథలు, బొమ్మల కథలు, పురాణ కథల సంక్షిప్తాలు కనిపిస్తాయి. పెద్దల బీరువాల్లో నవలలు, ఆధ్యాత్మిక గ్రంథాలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంటాయి. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి ఈ రెంటి నడుమ తనదంటూ ఒక అర కూడా ఉండదు. పిల్లల బీరువా చిన్నతనంగా అనిపిస్తుంది, పెద్దల బీరువా అర్థం కాదు. ఆ వయసులో రావడం మానేసిన పాఠకులు చాలామంది మళ్లీ ఉద్యోగ ప్రకటన వెలువడ్డాకే, అదీ పరీక్ష పుస్తకం కోసమే, గ్రంథాలయం మెట్లెక్కుతారు. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య అయిన ఇఫ్లా తన మార్గదర్శకాల్లో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రత్యేక పాఠకవర్గంగా లెక్కించింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో రెండు, ప్రతి పాఠకునికీ తన పుస్తకం ఉండాలని, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలని చెబుతాయి. సిఫారసు పత్రం చేయవలసిన పని ఈ రెండు సూత్రాలను ఒక ఊరిలో, ఒక పుస్తకం విషయంలో కలపడమే. పుస్తకం మంచిదని చెబితే సగం పనే పూర్తవుతుంది. మన గ్రంథాలయంలో దాన్ని ఎవరు తీసుకెళతారో చెప్పినప్పుడే అది సిఫారసు అవుతుంది.

అందుచేత పుస్తకం కంటే ముందు పాఠకుణ్ణి చూడాలి. గ్రంథాలయాధికారి గారిని అడిగి గత సంవత్సరపు ఇష్యూ రిజిస్టరు తీసుకుని ఒక సాయంత్రం కూర్చోండి. ఈ వయసు పిల్లలు ఏ పుస్తకాలు తీసుకెళ్లారు, ఏవి ఒక్క రోజులోనే తిరిగి వచ్చాయి, ఏవి గడువు దాటినా రాలేదు అన్నవి గమనించండి. పుస్తకం వెనుక అట్టకు అంటించిన తేదీ చీటీ మీద ముద్రలు కిక్కిరిసి ఉంటే ఆ పుస్తకానికి పాఠకులున్నట్టే. ఒక్క ముద్ర కూడా లేని పుస్తకం ఎందుకు అలా ఉండిపోయిందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అటువంటిదాన్నే మళ్లీ సూచించే ప్రమాదం మనకుంది.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "నీకు ఏ పుస్తకం ఇష్టం?" అని అడగకండి. ఆ ప్రశ్నకు వాళ్లు మాస్టారికి నచ్చే జవాబే చెబుతారు. "ఈమధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏది, ఎందుకు వదిలేశావు?" అని అడగండి. "ముప్పై పేజీలు చదివినా ఇంకా ఊరి సంగతేనండి, కథ మొదలవ్వలేదండి" అని ఒకరు, "అందులో అందరూ మంచోళ్లేనండి, ఏమవుతుందో ముందే తెలిసిపోతుందండి" అని మరొకరు చెబుతారు. ఈ రెండు జవాబుల్లో ఉన్నంత సమాచారం ప్రచురణకర్తల జాబితాల్లో దొరకదు. ఇక్కడి పిల్లల జీవితంలో ఉన్నవాటిని కూడా గుర్తుంచుకోండి. రొయ్యల చెరువుల మీద ఆధారపడిన ఇళ్లు, గల్ఫ్ దేశాల్లో పనిచేసే తల్లులు, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు, వరద వస్తే రాకపోకలు ఆగిపోయే లంకలు, పదో తరగతి కాగానే దూరపు పట్టణాల హాస్టళ్లకు వెళ్లిపోయే అబ్బాయిలూ అమ్మాయిలూ మన పాఠకులే. వీరందరికీ ఈ విషయాల మీదే పుస్తకాలు కావాలని అర్థం కాదు. మంచు దేశాల సాహసయాత్ర లంక గ్రామపు కుర్రవాణ్ణి రాత్రంతా మేలుకొనేలా చేయగలదు. కానీ తన ఊరివంటి ఊరు ఒక్క పుస్తకంలోనూ కనిపించకపోతే, పుస్తకాలన్నీ వేరెవరి గురించో రాస్తారని ఆ పిల్లవాడు అనుకుంటాడు, అలా అనుకోనివ్వకూడదు.

ఇక చదవడం. సిఫారసు చేసే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు. చదివేటప్పుడు ఒక చీటీ పక్కన పెట్టుకుని నాలుగు పేజీల సంఖ్యలు రాసుకోండి: కథ నిజంగా అందుకున్న పేజీ, మీకు విసుగు పుట్టిన పేజీ, ఎవరైనా అభ్యంతరం చెప్పే అవకాశమున్న పేజీ, మీరు ఆగి రెండోసారి చదువుకున్న పేజీ. పుస్తకం ముగిసేసరికి సిఫారసుకు కావలసిన సరుకంతా ఆ చీటీ మీదే ఉంటుంది.

ఉదాహరణగా ఊహించుకున్న ఒక నవలను తీసుకుని రెండు సిఫారసులు పోల్చి చూద్దాం. మొదటిది ఇలా ఉంది:

"ఇది చక్కని నవల. మంచి విలువలు బోధిస్తుంది. భాష సరళంగా, శైలి ఆకర్షణీయంగా ఉంది. విద్యార్థులందరూ తప్పక చదవదగినది."

ఈ నాలుగు వాక్యాలు ఏ నవలకైనా అతుకుతాయి. చదవకుండానే రాయవచ్చు కూడా. కమిటీ సభ్యులు దీన్ని చూసి పుస్తకం కొనలేరు, నిరాకరించనూ లేరు. రెండవది చూడండి:

"లంక గ్రామంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయి కథ. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్లి నాలుగేళ్లయింది. సెలవు మీద వస్తున్నానని ఆమె ఫోను చేయడంతో నవల మొదలవుతుంది. 140 పేజీలు, పొట్టి అధ్యాయాలు. 12వ పేజీకల్లా కథ అందుకుంటుంది. 60 నుంచి 75 వరకు నడక మందగిస్తుంది. ఇంటికి వచ్చిన తల్లికి కూతురు ఏ కూర తింటుందో తెలియని ఘట్టం 92వ పేజీలో ఉంది, నవలకు అదే ప్రాణం. 81వ పేజీలో రేవు దగ్గర ఒక అబ్బాయి ఉత్తరం ఇవ్వడం ఉంది. అది రెండు పేరాలకు మించదు, ఆ అమ్మాయి తరువాత తీసుకునే నిర్ణయానికి అది అవసరం. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు అమ్మాయిలు ముందుగా తీసుకుంటారు. ఈ విషయం మీద మన దగ్గర మరో నవల లేదు. కుట్టు బైండింగు. రెండు ప్రతులు కావాలి."

రెండవదానిలో పొగడ్త దాదాపు లేదు. అయినా చదివిన సభ్యునికి పుస్తకం కళ్లముందు కనిపిస్తుంది. లోపం కూడా చెప్పాం కాబట్టి గుణం చెప్పినప్పుడు నమ్ముతారు. మన దగ్గర ఇప్పటికే ఉన్నదేమిటో, లేనిదేమిటో చెప్పిన వాక్యం కమిటీకి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే వారి చేతిలో ఉన్న డబ్బు ఎప్పుడూ తక్కువే. ఇక్కడ మరో మాట చెప్పాలి. అటువంటి పుస్తకం కొన్న తరువాత, తల్లి గల్ఫ్‌లో ఉన్న అమ్మాయిని పిలిచి "ఇది నీ కథే, చదువమ్మా" అని చేతికివ్వకండి. నలుగురిలో ఆ మాట ఆమెను చిన్నబుచ్చుతుంది. అందరికీ కనిపించే అరలో పెడితే తనంతట తానే చూసుకుంటుంది.

భాష విషయంలో ఈ తరానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లలు చాలామందికి పద్నాలుగేళ్ల ఆలోచన ఉన్నా తెలుగు చదివే వేగం తొమ్మిదేళ్ల పిల్లలదిగా ఉంటుంది. వారికి చిన్నపిల్లల కథ ఇస్తే అవమానంగా భావిస్తారు, మూడు వందల పేజీల నవల ఇస్తే పక్కన పడేస్తారు. వయసుకు తగిన విషయం, తేలికైన వాక్యం, పెద్ద అచ్చు, సన్నని పుస్తకం ఈ నాలుగూ కలిసినవి వెతకాలి. వైజ్ఞానికుల జీవిత కథలు, క్రీడాకారుల కథలు, జంతువుల మీద చిన్న పుస్తకాలు ఇందుకు బాగా పనికివస్తాయి. ఒక పేజీ తెరిచి పిల్లవాణ్ణి చదవమని, తెలియని మాటకొక వేలు ముడవమనండి. పేజీ ముగిసేలోగా అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం అతనికి ఇప్పుడే వద్దు. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో కథలు చదవడంలోని కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా, ఎవరైనా అచ్చు వేసుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి మూడు, నాలుగు స్థాయిల తెలుగు కథలను అచ్చు తీసి కుట్టించుకోవచ్చు.

అనువాదాలను తప్పనిసరిగా బిగ్గరగా చదవండి. సంభాషణ నోట పలకకపోతే పిల్లలు రెండో పేజీ దాటరు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటతీరులో రాసిన పుస్తకాలను మాత్రం "మన పిల్లలకు అర్థం కాదు" అని పక్కన పెట్టకండి. సినిమాల్లో ఆ యాసలన్నీ వింటున్న పిల్లలు పుస్తకంలోనూ అందుకుంటారు.

విజ్ఞాన గ్రంథాలకు పరీక్ష వేరు. ముందుగా ముద్రణ వివరాల పేజీ చూడండి. పునర్ముద్రణ అని ఉంటే పాత పాఠాన్నే మళ్లీ అచ్చువేశారని, సవరించిన ముద్రణ అని ఉంటేనే లోపల మార్పులు ఉండవచ్చని గుర్తించాలి. ఖగోళ పుస్తకమైతే ప్లూటో ఎక్కడుందో చూడండి. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు, ఇంకా తొమ్మిది గ్రహాలని చెప్పే పుస్తకం మీద తక్కిన విషయాల్లోనూ అనుమానం రావాలి. రాష్ట్ర భూగోళమైతే 2014 నాటి విభజన, 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 కావడం అందులోకి ఎక్కాయా అని చూడండి. అమలాపురం ఇంకా తూర్పుగోదావరి జిల్లాలోనే ఉంటే ఆ పుస్తకం పాతబడింది. గోదావరి మీద పుస్తకమైతే ధవళేశ్వరం పేజీ తెరవండి. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిందని అన్ని పుస్తకాలూ చెబుతాయి. ఇప్పుడు మనం చూసేది దాని స్థానంలో కట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ అని చెప్పని పుస్తకం పిల్లవాణ్ణి తప్పుదోవ పట్టిస్తుంది. ఊళ్లోని పాఠకునికి తాను ఎరిగిన చోటే తప్పు కనిపిస్తే, ఎరగని చోట్ల రాసినదాన్ని ఎలా నమ్ముతాడు?

అభ్యంతరాల సంగతి దాచకూడదు. కులం, ప్రేమ, శరీరంలో వచ్చే మార్పులు, చావు, పరీక్ష తప్పడం ఈ వయసు పిల్లలు ఆలోచించే విషయాలే, కాబట్టి ఈ వయసు పుస్తకాల్లో అవి ఉంటాయి. ఆ పేజీ సంఖ్యను సిఫారసులో మీరే ముందుగా చెప్పి, అది కథకు ఎందుకు అవసరమో ఒక్క వాక్యంలో రాయండి. కమిటీ సభ్యుడు తానుగా కనిపెట్టినప్పుడు వచ్చే కోపం, మీరే చెప్పినప్పుడు రాదు. పరీక్ష తప్పిన పిల్లవాడి కథల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి. ప్రాణం తీసుకోవడాన్ని ఒక పరిష్కారంగానో త్యాగంగానో చూపే కథను ఎంత బాగా రాసినా నేను సిఫారసు చేయను. ఓడిన పిల్లవాడి పక్కన నిలిచే ఒక్క మనిషినైనా చూపే కథ కోసం వెతుకుతాను. శారీరక మార్పుల మీద ఆరోగ్య పుస్తకమైతే వైద్యులు రాసిందో, పరిశీలించిందో అయి ఉండాలి. దాన్ని తాళం బీరువాలో పెట్టడం కొననట్టే లెక్క. ఎవరినీ అడగకుండా అమ్మాయి తీసి చదువుకోగలిగే అరలో దాన్ని పెట్టాలని సిఫారసులోనే రాయండి.

బైండింగు గురించి ఒక్క మాట. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక జిగురుతో అంటించిన పుస్తకాలు రెండు వర్షాకాలాలకే ఆకులు ఊడిపోతాయి. ధర కొంచెం ఎక్కువైనా కుట్టు ఉన్న ప్రతి అడగండి.

పుస్తకాలు కొనకముందే పిల్లల ముందు పెట్టి చూసే అవకాశం నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో దొరుకుతుంది. మొదటి రోజు బాలల దినోత్సవం కాబట్టి బడి పిల్లలు వరుసగా వస్తారు. గ్రంథాలయోద్యమానికి జీవితాన్ని ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు ఈ డెల్టాలోనిదే. ఆయన తలపెట్టిన ఉద్యమం ఊరూరా పఠనమందిరాలు పెట్టించింది కాబట్టి, ఆ వారమైనా ఉపన్యాసాలు తగ్గించి పిల్లలకు పుస్తకాలు ముట్టుకునే వీలు కల్పించడం మన బాధ్యత అనుకుంటాను. పరిశీలనలో ఉన్న పుస్తకాలను బల్ల మీద అట్ట పైకి కనిపించేలా పరచి, దూరంగా కూర్చుని గమనించండి. ఏది ఎత్తారు, ఎన్ని పేజీలు తిప్పారు, ఏది పక్కవాళ్లకు చూపించారు అన్నవి మీ చీటీలో చేరాలి.

ఈ పాఠానికి అభ్యాసం: మీ గ్రంథాలయంలో లేని ఒక నవల, ఒక విజ్ఞాన గ్రంథం చదివి, ఒక్కొక్కదానికి పది వాక్యాలకు మించని సిఫారసు రాయండి. మంచి, చక్కని, ఉత్తమ, తప్పక అన్న మాటలు వాడకండి. నాలుగు పేజీల సంఖ్యల్లో కనీసం మూడు, ఎవరు తీసుకెళతారన్న వాక్యం ఒకటి, ఇప్పటికే ఉన్న పుస్తకాలతో పోలిక ఒకటి అందులో ఉండాలి. రాసినదాన్ని ఆ పుస్తకం చదవని మిత్రునికి చూపించి, ఎవరి చేతికి ఇస్తారో అడగండి. మీరు అనుకున్న పాఠకుణ్ణే అతను చెప్పకపోతే, ఎక్కడ అస్పష్టంగా ఉందో అతన్నే అడిగి, ఆ వాక్యాన్ని తిరగరాయండి. అయిదవ పాఠం పాతబడిన పుస్తకాల ఏరివేత గురించి కనుక, ఈలోగా మీ పిల్లల బీరువాలో తేదీ చీటీ ఖాళీగా ఉన్న పుస్తకాల జాబితా రాసి ఉంచుకోండి.