రీస్టార్ట్ అయ్యాక స్టాట్స్ పోతున్నాయా? ఎక్స్‌టెన్షన్ కాల్‌బ్యాక్‌లలో ఎక్కడ వెతకాలి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 18వ వెర్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌లు (దానికి అదనంగా చేర్చే మాడ్యూళ్లు) కూడా సొంత స్టాట్స్ (ఏది ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కలు) పెట్టుకోవచ్చు. పలాస జీడిపప్పు వ్యాపారుల సరుకు లెక్కలు చూసే సర్వర్‌లో ఏ గ్రేడును ఎన్నిసార్లు వెతికారో తెలుసుకోవడానికి శ్రీకాకుళంలో మేం ఇలాంటిదే రాశాం. మొదలుపెట్టే ముందే ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన లెక్కలూ పోస్ట్‌గ్రెస్ సొంత లెక్కలూ ఒకే ఫైల్లోకి వెళ్తాయి. మన కాల్‌బ్యాక్ (పోస్ట్‌గ్రెస్ తనకు కావాల్సినప్పుడు పిలిచే మన ఫంక్షన్) ఆ ఫైలును పాడుచేస్తే ఏ టేబుల్లో ఎన్ని పనికిరాని వరసలు పేరుకున్నాయన్న లెక్క కూడా పోతుంది. ఆ వరసలను ఊడ్చే ఆటోవాక్యూమ్ ఆ లెక్క చూసే కదులుతుంది. లెక్క లేకపోతే టేబుళ్లు ఉబ్బిపోతున్నా దానికి తెలియదు.

సమస్య: రీస్టార్ట్ తర్వాత అన్నీ సున్నా

ముందు సర్వర్ ఎలా ఆగిందో కనుక్కోండి. పద్ధతిగా ఆపినప్పుడే చెక్‌పాయింటర్ అనే ప్రాసెస్ స్టాట్స్ ఫైలు రాస్తుంది. ఉన్నట్టుండి కరెంటు పోయినా, ఇమ్మీడియట్ మోడ్‌లో (ఏమీ సర్దకుండా ఉన్నపళంగా) ఆపినా, మళ్లీ లేచేటప్పుడు క్రాష్ రికవరీ జరుగుతుంది, స్టాట్స్‌ను పోస్ట్‌గ్రెసే పారేస్తుంది. అది మీ కోడ్ తప్పు కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇలాంటి చోట యూపీఎస్ బ్యాటరీ అయిపోకముందే సర్వర్‌ను ఫాస్ట్ మోడ్‌లో (కనెక్షన్లు తెంపినా పద్ధతిగా) ఆపే ఏర్పాటు ఉండాలి. స్టాట్స్ పోతే డేటాబేస్ మొత్తం మీద ఒకసారి అనలైజ్ (టేబుళ్లను పరిశీలించి లెక్కలు మళ్లీ వేసే కమాండ్) నడపండి. అసలు పోకూడని లెక్క అయితే దాన్ని మామూలు టేబుల్లో రాయండి, స్టాట్స్‌ను నమ్ముకోవద్దు.

సరిగ్గా ఆపినా సున్నాలే వస్తుంటే లాగ్ చూడండి. స్టాట్స్ ఫైలు పాడైందని ఉంటే సాధారణంగా రెండు కారణాలు. మొదటిది, ప్రీలోడ్ లైబ్రరీల (సర్వర్ లేచేటప్పుడే లోడ్ అయ్యేవాటి) జాబితాలోంచి ఎవరో మీ ఎక్స్‌టెన్షన్ తీసేసి ఉంటారు. స్టాట్స్‌లో ఒక్కో రకానికి ఒక నంబరు ఉంటుంది; ఫైల్లో మీ రకం ఎంట్రీ కనబడి, అదేంటో చెప్పేవాళ్లు లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఫైలు మొత్తాన్ని వదిలేస్తుంది. జాబితాలో మళ్లీ చేర్చినా పోయిన లెక్కలు రావు, కాబట్టి తీసే ముందే ఆలోచించాలి.

రెండోది, మీ ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌లో స్ట్రక్ట్ (ఒక ఎంట్రీలోని ఫీల్డుల అమరిక) సైజు మారడం. ప్రతి ఎంట్రీ ఎంత పొడవో ఫైల్లో ఉండదు, మీరు రిజిస్టర్ చేసిన పొడవునే నమ్మి చదువుతుంది. ఎనిమిది బైట్ల ఫీల్డు ఒక్కటి పెంచినా ఆ తర్వాతివన్నీ పక్కకు జరిగిపోతాయి. మొదటి వెర్షన్‌లోనే కొన్ని ఖాళీ ఫీల్డులు వదిలిపెట్టండి.

సమస్య: సర్వర్ అసలు లేవడం లేదు

ఈ ఫైలు చదివేది స్టార్టప్ ప్రాసెస్. మీ కాల్‌బ్యాక్ అక్కడ ఎర్రర్ విసిరితే అది ఫేటల్ (ఆ ప్రాసెస్‌నే ముగించే ఎర్రర్) అవుతుంది, దాంతో సర్వర్ ఆగిపోతుంది. ఆ సమయానికి ఏ డేటాబేస్‌కూ కనెక్షన్ ఉండదు కాబట్టి కేటలాగ్‌లో (డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే టేబుళ్లలో) పేరు వెతకడం కూడా కుదరదు. చదివే కాల్‌బ్యాక్‌లో తేడా కనబడితే లాగ్‌లో ఒక లైను రాసి బయటికి రండి. వేరే ఎక్స్‌టెన్షన్ కూడా మీ రకం నంబరే వాడినా సర్వర్ లేవదు. ప్రయోగాలకు కేటాయించిన రకం నంబరు 24తోనే ప్రొడక్షన్‌కు వెళ్లకండి.

సమస్య: అంకెలు సరే, పేర్లే చెత్త

మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. 'డబ్ల్యూ 320' అనే జీడిపప్పు గ్రేడు లెక్క సరిగ్గా ఉంది, ఆ పేరు ఉండాల్సిన చోట మాత్రం అర్థంకాని అక్షరాలు. పలాస నుంచి ఫోన్: "బాబూ, గ్రేడు పేర్లు ఇలా అయిపోయాయేంటి?"

కారణం, పేరు డైనమిక్ షేర్డ్ మెమరీలో (ప్రాసెస్‌లన్నీ పంచుకునే, సర్వర్ ఆగితే పోయే మెమరీలో) ఉంది, ఎంట్రీలో ఉన్నది దాని పాయింటర్ (ఆ చోటు చిరునామా) మాత్రమే. ఫైల్లోకి పాయింటర్ వెళ్లింది, పేరు వెళ్లలేదు. రీస్టార్ట్ తర్వాత పాత పాయింటర్‌కు అర్థమే లేదు. అది చెత్త చూపించడం మన అదృష్టం, ప్రాసెస్ క్రాష్ అయ్యే అవకాశమే ఎక్కువ.

18లో దీనికి సూటి దారి లేదు, పేరును ఎంట్రీలోనే స్థిరమైన పొడవుతో పెట్టడం మేలు. 18 తర్వాతి వెర్షన్ కోసం నడిచిన అభివృద్ధి శాఖలో ఎంట్రీతో పాటు అదనపు డేటా రాసే, చదివే కాల్‌బ్యాక్‌లు, చివర్లో శుభ్రం చేసే మూడోది చేరాయి. వాటితో పేర్లను రెండో ఫైల్లో పెట్టి, ప్రధాన ఫైల్లో ఒక గుర్తు సంఖ్య, పేరు ఎక్కడ మొదలవుతుందో ఆ స్థానం రాయవచ్చు. పేరు లేని ఎంట్రీకి కూడా అన్నే బైట్లు రాయాలి, లేకపోతే చదివేటప్పుడు వరస తప్పుతుంది.

చదివేటప్పుడు అన్నిటికంటే ముందు పాత పాయింటర్‌ను చెల్లనిదిగా మార్చండి. ఆ తర్వాతే రెండో ఫైలు తెరిచి పొడవు చదవండి, మీరు పెట్టుకున్న గరిష్ఠ పరిమితితో పోల్చండి, అప్పుడు మెమరీ అడగండి. ఫైల్లో ఉన్న పొడవును గుడ్డిగా నమ్మి మెమరీ అడిగితే పాడైన ఒక్క అంకె చాలు సర్వర్‌ను పడేయడానికి.

ఇక ఫెయిల్ అని ఎప్పుడు చెప్పాలి? చదివే కాల్‌బ్యాక్ ఫెయిల్ అని చెబితే మొత్తం స్టాట్స్ పోతాయి. కాబట్టి రెండో ఫైలు లేకపోయినా, ఒక పేరు పాడైనా ఆ పేరును ఖాళీగా వదిలి సరే అని చెప్పండి. ప్రధాన ఫైల్లో గుర్తు సంఖ్యే కలవకపోతే మాత్రం మన చోటు తప్పినట్టు, అప్పుడు ఫెయిల్ చెప్పాల్సిందే.

సమస్య: పాత పేర్లు కొత్త లెక్కల పక్కన కనబడుతున్నాయి

రెండో ఫైలు తొలగించకుండా వదిలేశారు. చివర్లో శుభ్రం చేసే ఆ మూడో కాల్‌బ్యాక్‌కు స్టాట్స్ రాశామా, చదివామా, పారేశామా అన్నది చెబుతారు. చదివినా, పారేసినా రెండో ఫైలు మూసి తొలగించండి. రాసేటప్పుడు తాత్కాలిక పేరుతో రాసి, తప్పులేమీ లేవని చూసుకున్నాకే అసలు పేరుకు మార్చండి.

సరిచేశాక ఫాస్ట్ మోడ్‌లో ఒకసారి, ఇమ్మీడియట్ మోడ్‌లో ఒకసారి ఆపి చూడండి. సర్వర్ ఆగి ఉండగా రెండో ఫైలును సగానికి కత్తిరించి కూడా ఒకసారి లేపండి. సర్వర్ లేవాలి, అంకెలు ఉండాలి, కొన్ని పేర్లు మాత్రమే ఖాళీగా రావాలి.