భద్రకాళి చెరువు ఆకాశంలో చారలెందుకు?

భద్రకాళి చెరువు మీది సాయంకాలపు ఆకాశాన్ని ఫొటో తీసి, కంప్యూటర్‌లో కాస్త ముదురు చేశానో లేదో, నారింజ రంగు మెట్లు మెట్లుగా విరిగింది. తప్పు నాదే, జేపెగ్‌లో తీశాను. అందులో ఒక్కో మూలరంగుకు 8 బిట్లు, అంటే 256 ఛాయలే. 16 బిట్లయితే 65,536.

ఇప్పుడు రా ఫైలుగానే, అంటే కెమెరా పట్టిన సమాచారాన్ని కుదించకుండా తీస్తాను. రా ఫైళ్లను తెరిచే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 16 బిట్ల టిఫ్ ఫైలుగా మార్చి, ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తాను. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్ (ఎన్ని బిట్లో చెప్పేది) చూసుకున్నాకే, వెలుగునీడలు మార్చే కర్వ్స్ జోలికి వెళ్తాను. పాత జేపెగ్‌నూ 16కు పెంచవచ్చు. పోయిన ఛాయలు తిరిగి రావు గానీ, కొత్త నష్టం తగ్గుతుంది.

హనుమకొండలో ప్రింటుకు ఇచ్చే ముందు నకలు తీసుకుని 8 బిట్లకు దించండి. అప్పుడు గింప్ డిథరింగ్ (ఛాయల మధ్య నలుసులు చల్లడం) కావాలా అని అడుగుతుంది, వద్దనకండి. సన్నని ఇసుక చల్లినట్టుండే ఆ నలుసులే చారలను కప్పేస్తాయి. వేయిస్తంభాల గుడి ఫొటోలకైతే ఇంత శ్రమ అక్కరలేదు. చెక్కిన రాయిలో చారలు కనబడవు.