పైపూత మెరుస్తుంది, వాసన మాత్రం రాదు: ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

బాదుషా మీద పాకం తళతళలాడుతుంటుంది. కొరికితే తీపి తప్ప ఇంకేమీ తెలియదు. కేకు మీద క్రీముకు ఆరెంజ్ రంగు ఉంటుంది, ఆరెంజ్ వాసన ఉండదు. తిరుపతిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్మేవాళ్లు, చిత్తూరు వైపు పండగలకు స్వీట్ల ఆర్డర్లు పట్టేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. అడుగుతూనే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "ఎసెన్స్ ఇంకో రెండు చుక్కలు వేస్తే సరిపోతుందా అక్కా?" సరిపోదు. చుక్కలు పెంచితే చేదు వస్తుంది, మందు వాసన వస్తుంది. ముందు వేసిన వాసన ఎటు పోయిందో తేలనిదే కొత్తగా వేసిందీ అటే పోతుంది.

పాకం పట్టడం, క్రీము గిలక్కొట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

మొదటి రోజే వాసన లేదు

గిన్నె ఎంత వేడి మీద ఉన్నప్పుడు ఎసెన్స్ వేశారు? ఎవరిని అడిగినా "చల్లారాకే వేశానక్కా" అంటారు. పక్కన నిలబడి చూస్తే పొయ్యి ఆపిన మరుక్షణం సీసా మూత తిప్పుతుంటారు. తీగపాకం దించేటప్పటికి వంద డిగ్రీలు దాటి ఉంటుంది. ఎసెన్సుల్లో చాలావాటిని ఆల్కహాల్‌లో కలిపి అమ్ముతారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. పోతూ పోతూ వాసనను కూడా తీసుకుపోతుంది. ఎసెన్స్ వేయగానే ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే సంతోషించకండి, బాదుషాలో ఉండాల్సింది గాల్లో కలిసింది.

గిన్నె బయటివైపు అరచేయి ఆనించండి. పది లెక్కపెట్టేదాకా చెయ్యి తీయకుండా ఉంచగలిగితే అప్పుడు వేయండి. ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు, దీన్నే అందరూ దాటేస్తారు. దయచేసి దాటేయకండి.

ముదురు పాకం అంత చల్లారితే గట్టిపడిపోతుంది కదా అంటారు. నిజమే. అక్కడ ఎసెన్స్ మానేయండి. అప్పటికప్పుడు దంచిన యాలకల పొడిని చెంచాడు గోరువెచ్చటి నెయ్యిలో కలిపి, దించాక చివర్లో తిప్పండి. యాలకల వాసన నూనెలో కరిగే రకం, నెయ్యి దాన్ని పట్టి ఉంచుతుంది. పొడి మాత్రం నెలల తరబడి డబ్బాలో ఉన్నది కాకూడదు. కాయ ఒలిచి, నల్లటి గింజల్ని చిటికెడు పంచదారతో కలిపి దంచుకోండి.

క్రీము కేకు అయితే ఫ్రిజ్‌లోంచి తీయగానే వాసన చూసి లేదని తేల్చేయకండి. చల్లగా ఉన్నంతసేపు వాసన పైకి లేవదు. కాసేపు బయట పెట్టాక చూడండి. పొద్దుట్నుంచీ ఆ గదిలోనే ఉన్నవాళ్ల ముక్కుకు తేడా తెలియదు కాబట్టి బయటినుంచి వచ్చినవాళ్లకిచ్చి అడగండి.

మామిడి గ్లేజు (మెరిసే పైపూత) గురించి ఒక మాట. మన చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కాయలో ఎక్కువ భాగం తోతాపురి. చిక్కదనం, రంగు, ధర అన్నీ బాగుంటాయి, వాసన మాత్రం బంగినపల్లికి సాటి రాదు. పైగా డబ్బాలో నింపేటప్పుడు వేడి చేస్తారు. అలాంటి గుజ్జును గ్లేజు కోసం మళ్లీ ఉడికిస్తే మిగిలేది తీపి, పులుపు. కావలసిన చిక్కదనానికి తోతాపురి గుజ్జు ఉడికించి, చల్లారాక కాస్త బంగినపల్లి పండు రసం ఉడికించకుండా పచ్చిగానే కలపండి. పచ్చి రసం పడింది కాబట్టి అది ఫ్రిజ్‌లో ఉండాలి, ఆ రోజుకే వాడేయాలి.

చేసిన రోజు బాగుంది, మర్నాటికి లేదు

చాలాకాలం నన్ను తిప్పలు పెట్టింది ఇదే. సరుకు మంచిది, వేడి చూసి వేశారు, చేసిన సాయంత్రం వాసన గుప్పుమంది. రెండో రోజు డెలివరీ ఇచ్చాక ఫోను: "ఇందులో యాలకలు వేయలేదా?" మళ్లీ సీసా మీదే అనుమానం, ఇంకో కంపెనీది కొంటారు, మళ్లీ అదే ఫోను.

దొంగ కవరే. పల్చటి పాలిథిన్ కవరు.

ఎవరికీ దాని మీద అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. మన వైపు దీపావళి సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానల్లో వస్తుంది. గాలిలో తేమకి పాకం పూత జిగురెక్కుతుంది. అందుకని ప్రతి బాదుషాకీ కవరు చుట్టి, దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, మూత బిగిస్తారు. మర్నాడు విప్పితే పూత పొడిగా, మెరుస్తూ ఉంటుంది. కవరు తన పని చేసిందనుకుంటాం. తేమ వరకూ చేసింది. పాలిథిన్ నీటి ఆవిరిని బాగానే ఆపుతుంది, వాసనను ఆపలేదు. నూనెలో కరిగే వాసనలను అది పీల్చుకుంటుంది, పల్చగా ఉంటే అవతలికి వదిలేస్తుంది. పచ్చ కర్పూరం వాడే ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు: పొట్లంలో పెట్టి మరిచిపోతే కొన్నాళ్లకు పొట్లమే మిగులుతుంది.

ఎక్కువ దెబ్బ తినేవి ఆరెంజ్, నిమ్మ. వాటి తొక్క నూనెలో అధిక భాగం లిమొనీన్ అనే వాసన పదార్థం, దాన్ని పాలిథిన్ ఇష్టంగా పీలుస్తుంది. అట్టపెట్టెల్లో జ్యూసు నింపేవాళ్లకు ఈ తలనొప్పి ఎప్పటినుంచో ఉంది, ఎందుకంటే ఆ పెట్టెల లోపలి పొర పాలిథినే. యాలకల్లో ముఖ్యమైన వాసన పదార్థం సినియోల్‌దీ అదే దారి. వెనీలా కొంత నయం, అంత తొందరగా పోదు. అందుకే "వెనీలా కేకు బాగుంది, ఆరెంజ్ కేకే చప్పబడింది" అంటే నా అనుమానం ముందు ప్యాకింగ్ మీదికే వెళ్తుంది.

తేల్చుకోవడం సులువు. ఒకే వాయిలో తీసిన బాదుషాల్లో నాలుగు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, నాలుగు ఎప్పటిలాగే కవర్లు చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మర్నాడు స్వీటు కాదు, ముందు కవరు వాసన చూడండి. బాదుషా తీసేసి, ఖాళీ కవరును అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి. యాలకల వాసన కొడుతుంది. తర్వాత రెండు డబ్బాల్లోంచీ ఒక్కొక్కటి కొరికి చూడండి.

ఇక చేయాల్సింది. ఇంట్లో నిల్వకి స్టీలు గానీ గాజు గానీ వాడండి, డబ్బా నిండుగా సర్దండి. సగం ఖాళీగా ఉంటే మూత తీసినప్పుడల్లా ఆ ఖాళీలో చేరిన వాసన బయటికి పోతుంది. అమ్మకానికైతే లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచులు తీసుకోండి. ఖర్చు ఎక్కువనిపిస్తే విడివిడిగా చుట్టడం మానేసి, డజను కలిపి ఒక పౌచులో పెట్టండి. పూర్తిగా చల్లారి, పూత ఆరాకే మూయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి పూత కరుగుతుంది. బటర్ పేపర్ అంటుకోకుండా ఉండడానికే, వాసనకి అడ్డం కాదు.

కేకులు చేసేవాళ్లకు ఇదే గొడవ పైపింగ్ బ్యాగులో వస్తుంది. రాత్రి క్రీము కలిపి బ్యాగులో నింపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పూస్తారు. ఆరెంజ్ నూనె వేసిన క్రీమును స్టీలు గిన్నెలో మూత పెట్టి ఉంచండి, పూసే ముందే బ్యాగులో నింపండి.

ఇంకేదో వాసన వస్తోంది

ఆ ప్లాస్టిక్ డబ్బాలో ఇంతకుముందు ఏముందో గుర్తు తెచ్చుకోండి. పీల్చుకున్నది తిరిగి వదులుతుంది కూడా. ఊరగాయో కారప్పొడో ఉన్న డబ్బాను సబ్బుతో ఎంత తోమినా లోపలికి ఇంకింది పోదు. ఖాళీ డబ్బాకి రాత్రి మూత పెట్టి పొద్దున వాసన చూస్తే తెలిసిపోతుంది. దాన్ని స్వీట్లకు వాడకండి. ఫ్రిజ్‌లో మూత లేని క్రీము పక్కన మల్లెమొగ్గలు, తరిగిన ఉల్లిపాయలు పెట్టకండి. క్రీములో కొవ్వు ఏ వాసన వచ్చినా పట్టేస్తుంది.

మిగతావి

కుంకుమపువ్వు పూతకి రంగు వచ్చింది కాబట్టి వాసనా ఉండాలంటారు. రంగునిచ్చే పదార్థం వేరు, వాసనది వేరు. పాతబడిన పువ్వు రంగు ఇస్తూనే ఉంటుంది. నకిలీ ఎసెన్స్ తగలడం అరుదు. ఫుడ్ కలర్ వల్ల వాసన పోదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ అనేవాళ్లున్నారు, పాకం మరిగేసరికే అది పోతుంది, దాన్ని వదిలేయండి.