బయానా ఇచ్చే ముందు రేకులు చూడండి

వరంగల్, హన్మకొండ పాత వాడల్లో ఇల్లు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ తిరగేస్తారు. పైకప్పు దగ్గరికొచ్చేసరికి "రేకులే కదా, తీసేసి స్లాబ్ పోద్దాం" అనేస్తారు. అసలు ప్రమాదం ఆ తీయడంలోనే ఉంది.

ఆస్బెస్టాస్ సిమెంటు రేకులో సుమారు పదో వంతు ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార. సిమెంటులో బిగుసుకుని ఉన్నంతకాలం అది పెద్దగా లేవదు. పగిలితే, కోస్తే, గీకితే గాలిలో కలుస్తుంది. కంటికి కనబడదు, పీల్చిన రోజు దగ్గు కూడా రాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోతీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) లాంటివి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడతాయి. మన దేశంలో ఈ రేకుల తయారీ ఆగలేదు కాబట్టి "ఈ మధ్యే వేయించినం" అన్న మాటతో భరోసా పడొద్దు.

పగటిపూట వెళ్లండి. కోతులు దూకిన చోట, రాళ్లవాన పడ్డ చోట పగుళ్లుంటాయి; తారు పూసిన మచ్చలు వాటి గుర్తులే. చూరు కింద మట్టిలో ముక్కలున్నాయేమో చూడండి. పాతబడ్డ రేకు మీంచి కారే వాననీళ్లతో నార కూడా అక్కడికే చేరుతుంది. ఎండకు తట్టుకోలేక తెల్ల కూల్ పెయింట్ వేసి ఉంటే, ముందు వైరు బ్రష్‌తో గీకారా అని అడగండి. గీకితే ఆ దుమ్ము ఇంట్లోకీ వచ్చి ఉంటుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది పీవీసీ సీలింగ్. కింద నుంచి కొత్త ఇల్లులా మెరుస్తుంది, పైన పాత రేకులు అలాగే ఉంటాయి. ఏళ్ల దుమ్మంతా ఆ పలకల మీద పేరుకుంటుంది. లైటు కోసం రంధ్రం కొట్టగానే నెత్తిన పడుతుంది. దాన్ని మీరు విప్పొద్దు, పైన ఏముందో ఓనరునే అడగండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం, వాననీటి గొట్టాలు, పాత నీళ్ల తొట్టి బూడిద రంగులో ఉంటే అవీ అనుమానించాల్సినవే.

ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులూ ఉన్నాయి, చూపుతో తేడా తెలియదు. తేల్చేది ల్యాబ్‌లో మైక్రోస్కోపు పరీక్షే. మామూలు ఇంటికి అంత దూరం పోనక్కర్లేదు, పాత రేకు ప్రతిదీ ఆస్బెస్టాసే అనుకుని లెక్క వేసుకోవడం మేలు.

రేకులు ఎన్నో లెక్కపెట్టి, తీసే ఖర్చు కనుక్కుని ధరలో తగ్గించమనండి. ఓనరే తీయించి ఇస్తానంటే సంబరపడొద్దు. కూలీలు సుత్తెతో పగలగొడితే దుమ్ము మీరు కొనే ఇంట్లోనే మిగులుతుంది. తీసే పద్ధతి, తీయించే బాధ్యత అగ్రిమెంటులో రాయించండి.

తీసే రోజు గాలి తక్కువగా ఉండాలి. నీళ్లలో కాస్త గిన్నెల లిక్విడ్ కలిపి సన్నగా చల్లి తడపాలి; ప్రెషర్ పంపు వాడొద్దు. తుప్పు పట్టిన బోల్టును చేతి బోల్ట్ కట్టర్‌తో తెంపాలి, రేకును మెలిపెట్టొద్దు. రేకు మీద కాలు పెట్టొద్దు, విరిగి కింద పడతారు. 3 మీటర్ల రేకు సుమారు 40 కిలోలు, ఇద్దరు కలిసి ముక్క కాకుండా దించాలి. ముక్కుకు దస్తీ పనికిరాదు, సన్నటి దుమ్మును ఆపే పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు కావాలి. దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పనిచేసిన బట్టలు విడిగా ఉతకాలి.

దించినవాటిని మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి టేపు వేయండి. ఎక్కడికి పంపాలో కార్పొరేషన్‌ను ముందే అడగండి, చెత్త బండిలో వేయొద్దు. పశువుల కొట్టానికి అడిగినవాళ్లకు ఇవ్వొద్దు. బేస్‌మెంటులో మొరంతో కలిపి నింపుతానని సుతారి మేస్త్రి అన్నా ఒప్పుకోవద్దు. పైపులైను కోసం గడ్డపార వేసిన రోజు ఆ ముక్కలే మళ్లీ పగులుతాయి.