బరంపురం సీటు ఓట్ల చరిత్ర రాద్దామనుకుంటే

ముందు ఏ బరంపురం గురించి రాస్తున్నారో తేల్చుకోండి, ఎందుకంటే మూడున్నాయి. ఒడిశాలోని మన గంజాం జిల్లాలో టౌన్ అసెంబ్లీ సీటు ఒకటి, అదే పేరుతో లోక్‌సభ సీటు ఇంకోటి, ఇవి చాలవని పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ ఉంది. నెట్‌లో వెతికితే అక్కడి మాజీ ఎంపీ అధీర్ రంజన్ చౌదరి లెక్కలొచ్చి మన దాంట్లో కలిసిపోతాయి, అందుకే పక్కన ఒడిశా అని కొట్టి వెతకండి.

లోక్‌సభ సీటంటే ఒక్క టౌనే కాదు. ఛత్రపూర్, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి, మొత్తం 7 అసెంబ్లీలు. మోహన కొండల్లో పడ్డ ఓట్లు కూడా ఇందులోవే, కాబట్టి ఎంపీ గెలిచాడని "టౌన్ ఆయనకే వేసింది" అని రాసేస్తే తప్పు.

ఇప్పుడు ఒక టేబుల్ గీయండి, సంవత్సరం, పేరు, పార్టీ, తేడా ఓట్లు. 1996లో పి.వి.నరసింహారావు గారు నంద్యాలలోనూ ఇక్కడా గెలిచి, నంద్యాల వదులుకుని మన సీటే ఉంచుకున్నారు, ఇది మనోళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1998లో జయంతి పట్నాయక్ కాంగ్రెస్, 1999లో అనాది సాహు బీజేపీ. 2004లో చంద్రశేఖర్ సాహు కాంగ్రెస్ నుంచి గెలిచారు, మళ్ళీ 2019లో అదే మనిషి బీజేడీ (బిజూ జనతాదళ్) నుంచి గెలిచారు, పేరు కాలమ్ పార్టీ కాలమ్ విడిగా పెట్టమన్నది ఇందుకే. మధ్యలో 2009, 2014 సిద్ధాంత్ మహాపాత్ర, 2024లో బీజేపీ నుంచి ప్రదీప్ పాణిగ్రాహి. టౌన్ అసెంబ్లీ కూడా 2024లో బీజేపీకే, కె.అనిల్ కుమార్ గెలిచారు, అంతకుముందు 2009 నుంచి మూడుసార్లు బీజేడీదే.

2008 డీలిమిటేషన్‌లో, అంటే నియోజకవర్గాల పునర్విభజనలో, హద్దులు మారాయి కాబట్టి 2004ని 2009తో పక్కపక్కన పెట్టి శాతాలు తీయకండి, టేబుల్‌లో అక్కడ అడ్డంగా ఒక గీత గీసేయండి.

అసలు సరుకంతా ఫారం 20లో ఉంటుంది. బూత్‌వారీగా ఎవరికెన్ని పడ్డాయో ఉంటుంది, రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి (సీఈఓ) వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది, పోస్టల్ ఓట్లు చివర్లో వేరేగా ఉంటాయి, అవి కలపకపోతే టోటల్ కుదరదు. బూత్ నంబర్లు ఎలక్షన్‌కీ ఎలక్షన్‌కీ మారిపోవచ్చు, అందుకే నంబర్ కాకుండా బూత్ ఉన్న స్కూల్ పేరు పట్టుకుని పోల్చండి, ఇది కొంచెం ఓపిక పనే గానీ వీధి ఎటు తిరిగిందో దీనివల్లే తెలుస్తుంది.

ఇంకోటి, మన తెలుగోళ్ళ ఓట్లు ఇన్ని వేలు అని ఎవరైనా చెప్తే అలాగే దింపేయకండి. ఫారం 20లో భాష కాలమ్ ఉండదు, జనాభా లెక్కల్లో మాతృభాష ఉంటుంది గానీ అందులో చిన్నపిల్లలు కూడా ఉంటారు, అది ఓటర్ల లెక్క కాదు. పేర్లు చూసి లెక్కేద్దామన్నా ఇక్కడ పాత్రో, సాహు లాంటి ఇంటిపేర్లు రెండు భాషలవాళ్ళకీ ఉన్నాయి. దానికంటే పాత ఎలక్షన్లలో బూత్‌లో పార్టీల ఏజెంట్లుగా కూర్చున్న మామయ్యలనీ బాబాయిలనీ కలవండి, కొందరి దగ్గర ఫారం 17సీ (బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఏజెంట్లకిచ్చే కాగితం) కాపీలు ఇంకా ఉండొచ్చు, ఫోన్‌లో ఫోటో తీసుకుని అక్కడే తిరిగిచ్చేయండి.