పాత సైకిలు: కొత్త చైను జారుతోంది, కొత్త కప్పు ఎక్కడం లేదు

తాత సైకిలుకు కొత్త చైను వేశారు. గట్టిగా తొక్కగానే అది పళ్ళ మీద ఎగిరి దూకుతోంది. వెంటనే చైను మంచిది కాదని అంగడివాడి మీద పడతారు. పాత చైను విప్పేముందు స్కేలు పెట్టారా? ఎవరూ పెట్టరు, అదే నా బాధ. పిన్ను నుంచి పిన్నుకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చితే చాలు. ఎనిమిదో వంతు దాటిందా, ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రం) పళ్ళు కూడా ఆ చైనుకు తగ్గట్టే అరిగిపోయి ఉంటాయి, రెండూ కలిపి మార్చాలి. మైపాడు, కొత్తపట్నం ఉప్పుగాలికి బిర్రబిగిసిన చైన్లకు స్కేలు కూడా దండగ, పారేయండి.

చైను పళ్ళలోకి దిగకుండా పైనే కూర్చుంటే అది గేర్ల సైకిలు చైను. పాతవాటికి కావలసింది 1/8 అంగుళం వెడల్పుది, 3/32 కాదు.

ఇక నన్ను ముంచిన సంగతి. పెడళ్ళ దగ్గర ఊగుతోందని కొత్త బీబీ కప్పు (పెడళ్ళ ఇరుసు కొసను పట్టుకుని, ఫ్రేములోకి మరతో ఎక్కే గిన్నె) తెస్తారు. అది చేత్తో రెండు చుట్లు ఎక్కి మొరాయిస్తుంది. కావలిలో మా మామయ్య భద్రంగా దాచుకున్న ఇంగ్లండు రాలీ సైకిలుతో నాకు ఇలాగే జరిగింది. తుప్పేమో అనుకుని నూనె పోసి, స్పానరుకు పైపు తగిలించి తిప్పాను. ఫ్రేము లోపలి మరలు తెగిపోయాయి. మామయ్య ఏమీ అనలేదు, అదింకా కష్టంగా ఉండింది.

మామూలు కప్పుకు అంగుళానికి 24 మరలు, ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో చేసిన రాలీకి 26. అడ్డుకొలత మామూలుదానికి 1.37, రాలీకి 1.375 అంగుళాలు. అంత చిన్న తేడా చేతికేం తెలుస్తుంది? రాలీ కంపెనీలో కలిసిన రడ్జ్, హంబర్ బండ్లయినా సరే అనుమానించండి. పాత కప్పు, కొత్త కప్పు మరలను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు పట్టండి. ఒకదాని గాళ్ళలో ఒకటి పూర్తిగా ఇమిడితే ఒకే రకం. సందుల్లోంచి వెలుగు కనబడితే కొత్తది తిరిగి ఇచ్చేయండి.

26 అని తేలితే కొత్త కప్పుల కోసం ఊళ్ళు తిరగొద్దు. పాతవే కిరసనాయిలుతో కడగండి. బాల్సు తిరిగే దారిలో గుంటలు లేకపోతే, పక్కకు 11 చొప్పున పావు అంగుళం బాల్సు కొత్తవి వేసి గ్రీజు పెట్టండి. ఎక్కువసార్లు ఊగుడు అక్కడే పోతుంది. పోకపోతే యాక్సిల్ (పెడళ్ళ ఇరుసు) మార్చండి, అదీ పాతదాని పక్కన పెట్టి పొడవు చూసుకున్నాకే. అన్నట్టు, చైను వైపు కప్పుది ఎడమ మర, అంటే మామూలుకు ఎదురుగా తిప్పాలి.

పెడలు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట కటక్కుమంటే కాటర్ పిన్ను చూడండి, క్రాంకును (పెడలు తగిలించే కడ్డీని) ఇరుసుకు బిగించేది అదే. 9.5 మిల్లీమీటర్లు పట్టే క్రాంకుకు 9 వేస్తే ఎంత బిగించినా వదులే. పాత పిన్ను జేబులో వేసుకుని అంగడికి వెళ్ళండి.

చైను జారితే చైన్‌వీల్ (ముందరి పళ్ళ చక్రం) వంగిందనీ, ఫ్రీవీల్ లోపల స్ప్రింగు పోయిందనీ చెప్పేవాళ్ళు ముందు స్కేలు తియ్యండి.